కణం మీది ప్రోటియోగ్లైకాన్లు, గ్రోత్ ఫ్యాక్టర్ సిగ్నళ్లు: మా బరంపురం వైపు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్ల పిల్లలు ఎమ్మెస్సీ లైఫ్ సైన్సెస్ పాఠం ఇంగ్లిష్‌లో వింటారు, క్లాసు బయట ఒడియాలో మాట్లాడుకుంటారు, అర్థం కానిది మాత్రం రాత్రి ఫోన్ చేసి తెలుగులో అడుగుతారు. సెల్ సిగ్నలింగ్ చెప్పిన ప్రతిసారీ ప్రోటియోగ్లైకాన్ల దగ్గర అవే సందేహాలు వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట రాశాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్లిపోవచ్చు.

గ్రోత్ ఫ్యాక్టర్ (కణానికి పెరగమని సందేశం తెచ్చే ప్రోటీన్) ఎక్కడినుంచో వచ్చి నేరుగా రిసెప్టర్ (ఆ సందేశాన్ని అందుకునే కణం మీది ప్రోటీన్) మీద వాలుతుందని మనం నేర్చుకున్న బొమ్మ సగమే నిజం. ఎవరిని పట్టుకోవాలి, ఎంతసేపు ఉంచాలి, ఎంత దూరం వెళ్లనివ్వాలి అన్నవి చాలావరకు కణం మీది చక్కెర గొలుసుల చేతిలో ఉంటాయి. ఈ మిగతా సగాన్ని సిలబస్‌లో ఒక పేరాతో సరిపెట్టడం నాకు నచ్చదు.

## పాఠం మొదలుపెట్టినప్పుడు

ప్రోటియోగ్లైకాన్ అంటే ప్రోటీనా, చక్కెరా?

రెండూ కలిసిందే. ఒక కోర్ ప్రోటీన్, దానికి అతికిన గ్లైకోసమినోగ్లైకాన్ అనే పొడవాటి గొలుసులు. ప్రోటీన్‌లో సాధారణంగా సెరీన్, దాని వెంటే గ్లైసీన్ ఉన్న చోట గొలుసు మొదలవుతుంది. ముందు సెరీన్ మీద జైలోజ్ చేరుతుంది, తర్వాత రెండు గాలక్టోజ్‌లు, ఆపైన గ్లూకురోనిక్ ఆమ్లం. ఈ నాలుగు చక్కెరల పునాది మీద హెపరాన్ సల్ఫేట్ గొలుసైనా పెరగవచ్చు, కాండ్రాయిటిన్ సల్ఫేట్ గొలుసైనా పెరగవచ్చు. గ్రోత్ ఫ్యాక్టర్ల విషయంలో ఎక్కువ పని హెపరాన్ సల్ఫేట్‌దే.

గ్లైకోప్రోటీన్‌కీ దీనికీ తేడా ఏంటి మేడమ్? రెంటికీ చక్కెర ఉంటుంది కదా.

గ్లైకోప్రోటీన్ మీద ఉండేవి మామూలుగా పొట్టిగా, కొమ్మలు కొమ్మలుగా ఉండే చక్కెరలు. ప్రోటియోగ్లైకాన్ మీదివి కొమ్మలు లేని పొడవాటి గొలుసులు. రెండేసి చక్కెరల జత మళ్లీ మళ్లీ వస్తుంది. సల్ఫేట్‌ల వల్ల, కార్బాక్సిల్ గుంపుల వల్ల గొలుసుకు గట్టి రుణావేశం ఉంటుంది. ఆ రుణావేశాన్ని మర్చిపోతే తర్వాతి పాఠం ఏదీ ఎక్కదు.

కణం ఉపరితలం మీద ఉండేవి ఎన్ని? పేర్లన్నీ బట్టీ పట్టాలా?

రెండు కుటుంబాలు తెలిస్తే చాలు. క్షీరదాల్లో సిండెకాన్లు 4. ఇవి పొరను దాటి లోపలికి చిన్న తోకతో ఉంటాయి. గ్లైపికాన్లు 6. వీటికి తోక లేదు, జీపీఐ అనే లిపిడ్ లంగరుతో పొర బయటి వైపునే ఉంటాయి. ఇవి కాక బీటాగ్లైకాన్ ఒకటి గుర్తుంచుకోండి. సీడీ44, న్యూరోపిలిన్ లాంటివి కొన్ని రూపాల్లో మాత్రమే ఈ గొలుసులు మోస్తాయి.

పుస్తకంలోని బొమ్మల్లో ఇవి కనబడవు. అంత చిన్నవా?

చిన్నవి కావు, బొమ్మలో పట్టనంత పెద్దవి. ఒక హెపరాన్ సల్ఫేట్ గొలుసులో సుమారు 40 నుంచి 300 దాకా చక్కెరలుంటాయి. సాగదీస్తే 20 నుంచి 150 నానోమీటర్ల పొడవు. కణపొర మందం 10 నానోమీటర్ల లోపే. పొరను రెండు గీతలుగా గీసి, దాని మీద రిసెప్టర్‌ని వై ఆకారంలో నిలబెట్టి, పక్కన గుండ్రంగా గ్రోత్ ఫ్యాక్టర్ పెడతారు కదా, అదే కొలతలో ఈ గొలుసుని గీయబోతే నోటుబుక్కు పేజీ పై అంచు దాటిపోతుంది. పైగా రిసెప్టర్లు కణానికి వేలల్లో ఉంటే గ్రోత్ ఫ్యాక్టర్ పట్టుకోగల హెపరాన్ సల్ఫేట్ చోట్లు లక్షల్లో ఉంటాయి. బయటినుంచి వచ్చే ఏ ప్రోటీనైనా మొదట తగిలేది వీటికే.

గొలుసు మీద సల్ఫేట్ ఎక్కడెక్కడ ఉండాలో ఏ జీన్ చెబుతుంది?

ఏ ఒక్క జీనూ చెప్పదు. బరంపురం పట్టుచీర అంచులో కుంభం ఎక్కడ రావాలో మగ్గం ఎక్కకముందే లెక్క ఉంటుంది. హెపరాన్ సల్ఫేట్‌కి అలాంటి ముందు లెక్క లేదు. కణం లోపల గాల్జీ అనే భాగంలో ఈఎక్స్‌టీ1, ఈఎక్స్‌టీ2 ఎంజైములు కలిసి గ్లూకురోనిక్ ఆమ్లం, ఎన్-అసిటైల్ గ్లూకోసమైన్ జతలుగా గొలుసు పేర్చుతాయి. ఎన్‌డీఎస్‌టీ అనే ఎంజైము కొన్ని చోట్ల అసిటైల్ తీసి సల్ఫేట్ పెడుతుంది. ఎపిమరేస్ కొన్ని గ్లూకురోనిక్ ఆమ్లాలను ఇడ్యురోనిక్ ఆమ్లాలుగా తిప్పుతుంది. తర్వాత 2-ఓ, 6-ఓ, అరుదుగా 3-ఓ స్థానాల్లో సల్ఫేట్‌లు చేరతాయి. ఏ ఎంజైమూ తన పని గొలుసంతా పూర్తి చేయదు. అందుకే సల్ఫేట్‌లు దట్టంగా ఉన్న ముక్కలు, దాదాపు లేని ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఏ కణంలో ఏ ఎంజైము ఎంత ఉందన్నదాన్ని బట్టి నమూనా మారుతుంది. కాలేయ కణం గొలుసు, చర్మ కణం గొలుసు ఒకలా ఉండవు.

## సిగ్నల్ దగ్గరికి వచ్చాక

ఎఫ్‌జీఎఫ్‌కి (ఫైబ్రోబ్లాస్ట్ గ్రోత్ ఫ్యాక్టర్) సొంత రిసెప్టర్ ఉంది కదా, మధ్యలో హెపరాన్ సల్ఫేట్ ఎందుకు?

అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే, అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే. సంగతి తేలింది 1991లో. అంతకు కొన్నేళ్ల ముందు, 1985లో, జెఫ్రీ ఎస్కో బృందం ఈ గొలుసులు సరిగ్గా తయారు చేయలేని చైనీస్ హామ్‌స్టర్ కణాలను వేరు చేసింది. అలాంటి కణాల మీద ఎఫ్‌జీఎఫ్ రిసెప్టర్ ఉన్నా ఎఫ్‌జీఎఫ్2 దానికి అతుక్కోలేదు. బయటినుంచి హెపారిన్ (హెపరాన్ సల్ఫేట్ కుటుంబానికే చెందిన, సల్ఫేట్‌లు ఎక్కువ ఉన్న గొలుసు) కలపగానే అతుక్కుంది. రిసెప్టర్ ఉండి, ఎఫ్‌జీఎఫ్ ఉండి, పని మాత్రం జరగలేదంటే మూడోది ఒకటి కావాలన్నమాట.

ఆ మూడోది చేసే పనులు చూడండి. ఒకటి, ద్రవంలో తిరుగుతున్న ఎఫ్‌జీఎఫ్‌ని పొర దగ్గరికి తెచ్చి ఉంచుతుంది. రిసెప్టర్ కోసం అది మూడు దిక్కుల్లో వెతికే అవసరం తగ్గుతుంది. రెండు, ఒకే గొలుసు ఇటు ఎఫ్‌జీఎఫ్‌నీ అటు రిసెప్టర్‌నీ తాకుతుంది, కాబట్టి జత తొందరగా విడిపోదు. మూడు, రెండు రిసెప్టర్లు పక్కపక్కకు చేరడానికి ఆసరా ఇస్తుంది. అవి చేరితేనే లోపలి టైరోసిన్ కైనేజ్ ఎంజైములు ఒకదాన్నొకటి ఫాస్ఫరైలేట్ చేసుకుంటాయి, అంటే ఫాస్ఫేట్ తగిలించుకుంటాయి. 2000 సంవత్సరంలో వచ్చిన రెండు స్ఫటిక నిర్మాణాల్లో ఈ అమరిక కనిపించింది. ఒకదానిలో రెండు ఎఫ్‌జీఎఫ్‌లు, రెండు రిసెప్టర్లు, రెండు హెపారిన్ ముక్కలు. ఇంకోదానిలో హెపారిన్ ఒక్కటే. కణం మీద అసలు అమరిక ఏదన్న వాదన ఆ రెంటి నుంచే వచ్చింది. పరీక్షలో రెండూ రాయండి.

ఇంకో లాభం కూడా ఉంది. హెపారిన్‌ని పట్టుకున్న ఎఫ్‌జీఎఫ్ వేడికీ ఆమ్లానికీ ప్రోటీన్లను కోసే ప్రోటియేజ్‌లకూ తొందరగా లొంగదు.

ఇది రిసెప్టరా, కో-రిసెప్టరా?

ఎఫ్‌జీఎఫ్ విషయంలో కో-రిసెప్టర్, అంటే అసలు రిసెప్టర్‌కి తోడుగా ఉండేది. గొలుసుకు కైనేజ్ లేదు, ఒంటరిగా ఆ సిగ్నల్ పంపలేదు. అతుక్కునే బలం కూడా రిసెప్టర్ కంటే తక్కువ. పాత పేపర్లలో వీటిని తక్కువ బలం ఉన్న బైండింగ్ చోట్లు అన్నది అందుకే. బలం తక్కువన్న మాటను ప్రాముఖ్యం తక్కువని చదవకండి.

6-ఓ సల్ఫేట్ తీసేస్తే సిగ్నల్ తగ్గాలా, పెరగాలా? ఒక పేపర్లో ఒకలా, ఇంకో పేపర్లో ఇంకోలా ఉంది.

రెండు పేపర్లూ సరైనవే, గ్రోత్ ఫ్యాక్టర్ వేరు. కణం బయట సల్ఫ్1, సల్ఫ్2 అనే ఎంజైములు తయారైపోయిన గొలుసు మీద నుంచి కూడా 6-ఓ సల్ఫేట్‌లు తీసేస్తాయి. ఎఫ్‌జీఎఫ్2ని పట్టుకోవడానికి ముఖ్యంగా ఎన్-సల్ఫేట్, 2-ఓ సల్ఫేట్ చాలు. రిసెప్టర్‌ని కూడా కలుపుకొని సిగ్నల్ నడపాలంటే 6-ఓ సల్ఫేట్ కావాలి. అది పోతే ఎఫ్‌జీఎఫ్ సిగ్నల్ తగ్గుతుంది. వింట్ అనే ఇంకో సిగ్నల్ ప్రోటీన్ సంగతి వేరు. సల్ఫేట్‌లు దట్టంగా ఉంటే గొలుసు వింట్‌ని గట్టిగా పట్టేసి వదలదు. సల్ఫ్ వచ్చి పట్టు సడలిస్తే వింట్ తన రిసెప్టర్ ఫ్రిజిల్డ్‌కి అందుతుంది, సిగ్నల్ పెరుగుతుంది. కాబట్టి గొలుసు సిగ్నల్‌ని పెంచుతుందా ఆపుతుందా అని ఎవరైనా అడిగితే, ఏ ఫ్యాక్టర్, ఏ సల్ఫేట్ అని ముందు తిరిగి అడగండి.

అన్ని గ్రోత్ ఫ్యాక్టర్లకూ ఇది కావాలా?

లేదు. ఇన్సులిన్‌కి అక్కర్లేదు. ఈజీఎఫ్ (ఎపిడర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్) హెపరాన్ సల్ఫేట్‌కి అతుక్కోదు, కానీ అదే కుటుంబంలోని హెచ్‌బీ-ఈజీఎఫ్, యాంఫిరెగ్యులిన్ అతుక్కుంటాయి. ఎఫ్‌జీఎఫ్‌లలో కూడా 19, 21, 23 వేరు. గొలుసు వాటిని గట్టిగా పట్టలేదు కాబట్టే అవి రక్తంలో హార్మోన్లలా దూరం ప్రయాణిస్తాయి. ఎముక నుంచి వచ్చే ఎఫ్‌జీఎఫ్23 మూత్రపిండంలో క్లోతో అనే ప్రోటీన్ సాయంతో రిసెప్టర్‌ని చేరి ఫాస్ఫేట్‌ని బయటికి పంపిస్తుంది.

రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్‌కి 121, 165, 189 అని మూడు నంబర్లు ఎందుకు చదవాలి?

ఒకే జీన్ నుంచి స్ప్లైసింగ్ (జీన్ సందేశాన్ని వేర్వేరుగా కత్తిరించి అతికించడం) వల్ల వచ్చే మూడు రూపాలు, నంబరు అమైనో ఆమ్లాల లెక్క. 121కి హెపరాన్ సల్ఫేట్‌ని పట్టే భాగం లేదు, దూరం పోతుంది. 189 గట్టిగా అతుక్కుని పుట్టిన చోటే ఉండిపోతుంది. 165 మధ్యస్థం. 121కి సమానమైన రూపం ఒక్కటే ఉన్న ఎలుకల్లో రక్తనాళాలు సరిగ్గా కొమ్మలు వేయలేదు, వెడల్పుగా తయారయ్యాయి. ఫ్యాక్టర్ ఉన్నా, ఎటు ఎక్కువ ఎటు తక్కువ అన్న తేడా చెదిరిపోతే నాళానికి దారి తెలియదు.

మరి కోర్ ప్రోటీన్‌కి పనేమీ లేదా? గొలుసు మోయడమేనా?

ఉంది. బీటాగ్లైకాన్ టీజీఎఫ్-బీటా అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ని కోర్ ప్రోటీన్‌తోనే పట్టుకుంటుంది, గొలుసుతో కాదు. టీజీఎఫ్-బీటా2కి టైప్ 2 రిసెప్టర్ మీద సొంతంగా పట్టు చాలా తక్కువ, బీటాగ్లైకాన్ అందిస్తేనే బాగా చేరుతుంది. సిండెకాన్-4 లోపలి తోక పొరలోని పీఐపీ2 అనే లిపిడ్‌ని, ప్రోటీన్ కైనేజ్ సీ ఆల్ఫాని పట్టుకుని ఫోకల్ అడ్హిషన్ల (కణం తన చుట్టూ ఉన్న ఆధారానికి అంటుకునే చోట్ల) దగ్గర పనిచేస్తుంది. గ్లైపికాన్-3 కోర్ ప్రోటీన్ హెడ్జ్‌హాగ్ అనే సిగ్నల్ ప్రోటీన్‌ని పట్టేసి, దాని రిసెప్టర్ ప్యాచ్డ్‌కి అందకుండా చేస్తుంది.

కణం మీద నుంచి సిండెకాన్ తెగి బయట పడితే సిగ్నల్ ఏమవుతుంది?

ఏడీఏఎం17, కొన్ని ఎంఎంపీ ఎంజైములు సిండెకాన్ బయటి భాగాన్ని పొర దగ్గర కోస్తాయి. గొలుసులతో సహా ఊడిన ముక్క ఫ్యాక్టర్లను పట్టుకుని కణానికి అందకుండా చేయవచ్చు, లేదా ఇంకో చోటికి మోసుకెళ్లవచ్చు. హెపరనేస్ అనే ఎంజైము గొలుసునే ముక్కలు చేస్తే, ఆ ముక్కలతో పాటు ఎఫ్‌జీఎఫ్ విడుదలై చురుగ్గా మారవచ్చు. గాయం మానేటప్పుడూ ట్యూమర్ పెరిగేటప్పుడూ ఈ రెండూ జరుగుతుంటాయి.

ఈ పాఠంలో ఈగ ఎందుకొచ్చింది?

డ్రోసోఫిలా అనే ఈగలో ఈ గొలుసులు చెడిపోతే ఏమవుతుందో రెక్క మీద, పిండం మీద కంటికి కనిపిస్తుంది. డాలీ, డాలీ-లైక్ అనేవి గ్లైపికాన్లు. టూ-వేలూ అనేది మన ఈఎక్స్‌టీకి సాటి జీన్, అది చెడితే హెడ్జ్‌హాగ్ ఒక కణం నుంచి పక్క కణాలకు సాగలేదు. సల్ఫేట్‌లెస్ అంటే ఎన్‌డీఎస్‌టీ. మోర్ఫోజెన్ (ఎంత అందిందన్నదాన్ని బట్టి కణం ఏమవ్వాలో చెప్పే సిగ్నల్) ఎంత దూరం పోవాలన్నది గొలుసుల మీద ఆధారపడుతుందని మొదట గట్టిగా చూపింది ఈగే.

## లాబ్‌లో

వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్‌లో విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) సిండెకాన్‌కి బ్యాండ్ రాలేదు. పైనుంచి కింది దాకా మసకగా వచ్చింది. యాంటీబాడీ పాడైందా?

చాలావరకు యాంటీబాడీ తప్పు కాదు. ఒకే కోర్ ప్రోటీన్ మీద ఒక్కో కాపీకి గొలుసు పొడవు వేరు, సల్ఫేట్ లెక్క వేరు. అందుకే జెల్‌లో అన్నీ ఒకే చోట ఆగవు. పైగా ఇంత రుణావేశం ఉన్నది మామూలు మెంబ్రేన్‌కి సరిగ్గా అంటదు. లోడ్ చేసేముందు శాంపిల్‌ని హెపారినేజ్ 3తో, అవసరమైతే కాండ్రాయిటినేజ్ ఏబీసీతో కూడా జీర్ణం చేయండి. గొలుసు పోయి మొదట్లో చిన్న మొండెం మిగులుతుంది, బ్యాండ్ చక్కబడుతుంది. హెపారినేజ్ 3 కోసిన మొండేన్ని గుర్తుపట్టే 3జీ10 అనే యాంటీబాడీ ఉంది. అది వాడితే కణంలో హెపరాన్ సల్ఫేట్ మోసే కోర్ ప్రోటీన్లన్నీ వేర్వేరు బ్యాండ్‌లుగా ఒకే బ్లాట్‌లో కనబడతాయి. ఎంజైము వేయని లేన్ పక్కనే పెట్టండి. సిండెకాన్లు ప్రోటీన్లను విడదీసే డిటర్జెంట్ ఎస్‌డీఎస్‌కి కూడా విడిపోకుండా జంటగా ఉండిపోతాయి కాబట్టి, బ్యాండ్ లెక్కకట్టిన బరువు కంటే పైన వచ్చినా టెన్షన్ పడకండి.

సోడియం క్లోరేట్ వేస్తే కణాలు ఎఫ్‌జీఎఫ్‌కి స్పందించడం మానేశాయి. విషం వల్ల కాదని ఎలా చూపాలి?

గొలుసుకు సల్ఫేట్ అందించే పీఏపీఎస్ అనే అణువు తయారీని క్లోరేట్ ఆపుతుంది. పీఏపీఎస్ లేకపోతే గొలుసు ఉంటుంది గానీ సల్ఫేట్ పడదు. అదే మీడియంలో సోడియం సల్ఫేట్ కలిపిన ఇంకో సెట్ పెట్టండి. స్పందన తిరిగొస్తే కణాలు బాగానే ఉన్నాయని అర్థం. హెపారిన్ కొద్దిగా కలిపిన మూడో సెట్ కూడా ఉంటే మీ వాదన గట్టిపడుతుంది. క్లోరేట్ గొలుసులకే పరిమితం కాదు, ప్రోటీన్ల టైరోసిన్‌ల మీద పడే సల్ఫేట్‌ని కూడా ఆపుతుంది. ఆ మాట రిపోర్టులో రాయండి.

హెపారిన్ కొంచెం వేస్తే సిగ్నల్ పెరిగింది, ఎక్కువ వేస్తే పడిపోయింది. పైపెటింగ్ తప్పా?

కాదు, అలాగే రావాలి. కొద్దిగా ఉన్నప్పుడు ఒకే గొలుసు మీదికి ఎఫ్‌జీఎఫ్, రిసెప్టర్ కలిసి చేరతాయి. మరీ ఎక్కువైతే ఎఫ్‌జీఎఫ్ ఒక గొలుసు మీద, రిసెప్టర్ ఇంకో గొలుసు మీద విడివిడిగా ఉండిపోతాయి. గ్రాఫ్‌లో ఈ గుట్ట ఆకారం కనబడాలంటే డోసులు పదేసి రెట్ల తేడాతో వేయండి.

## ఇంట్లో వాళ్లు అడిగినప్పుడు

ఆసుపత్రిలో ఇచ్చే హెపారిన్ ఇంజెక్షనూ ఈ హెపరాన్ సల్ఫేటూ ఒకటేనా?

ఒకే కుటుంబం, ఒకటే కాదు. 1916లో జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్లీన్ పనితో హెపారిన్ కథ మొదలైంది. శరీరంలో హెపారిన్ మాస్ట్ కణాల్లో తయారవుతుంది. మందు కోసం ఎక్కువగా పంది పేగు లోపలి పొర నుంచి తీస్తారు. రెండు చక్కెరల జతకు హెపారిన్‌లో సగటున రెండుకు పైగా సల్ఫేట్‌లుంటే, హెపరాన్ సల్ఫేట్‌లో సుమారు ఒకటి. రక్తం గడ్డకట్టకుండా ఆపేది యాంటీత్రాంబిన్ అనే రక్తపు ప్రోటీన్‌ని పట్టే ఐదు చక్కెరల ప్రత్యేక ముక్క. అందులో 3-ఓ సల్ఫేట్ తప్పనిసరి.

మోకాళ్ల నొప్పికి నాన్నగారు కాండ్రాయిటిన్, గ్లూకోసమైన్ బిళ్లలు వేసుకుంటున్నారు. కణాల మీద ఇవి పెరుగుతాయా?

మింగిన గొలుసు వెళ్లి కణం మీది ప్రోటీన్‌కి అతుక్కోదు. ప్రతి కణం తన గొలుసుని తన గాల్జీలో మొదటినుంచి కట్టుకుంటుంది. అమెరికాలో జరిగి 2006లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో, మోకాలి నొప్పి ఉన్నవాళ్లందరినీ కలిపి చూస్తే, ఈ బిళ్లలు ఉత్తుత్తి బిళ్ల కంటే చెప్పుకోదగ్గ మేలు చేయలేదు. మానడమా వాడడమా అన్నది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోమనండి.

మా బంధువుల ఇంట్లో తండ్రికీ కొడుక్కీ మోకాళ్ల దగ్గర ఎముక బుడిపెలున్నాయి. దీనికి సంబంధించిందేనా?

అయ్యుండవచ్చు. వంశపారంపర్యంగా వచ్చే మల్టిపుల్ ఎక్సోస్టోసిస్‌లో ఈఎక్స్‌టీ1 లేదా ఈఎక్స్‌టీ2 జీన్ ఒక కాపీ చెడి ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం. ఎదుగుతున్న ఎముక చివర హెపరాన్ సల్ఫేట్ తగ్గితే మృదులాస్థి కణాలకు అందే సిగ్నళ్లు గాడి తప్పి, పక్కకు బుడిపెలు వస్తాయి. ఎదుగుదల ఆగాక కూడా బుడిపె పెరుగుతుంటే, కొత్తగా నొప్పి మొదలైతే ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టర్‌కి చూపించాలి. అరుదుగా అది క్యాన్సర్‌గా మారుతుంది.

గ్లైపికాన్-3 లేకపోతే శరీరం పెద్దదవుతుందంటారు, కాలేయ క్యాన్సర్‌లో అదే ఎక్కువ ఉంటుందంటారు. ఏది నిజం?

రెండూ. ఆ జీన్ చెడితే వచ్చే సింప్సన్-గొలాబి-బెమెల్ సిండ్రోమ్‌లో బిడ్డ పుట్టకముందు నుంచే అతిగా పెరుగుతుంది. హెడ్జ్‌హాగ్‌కి పడాల్సిన అదుపు పడకపోవడం అందులో ఒక కారణం. కాలేయ క్యాన్సర్ కణాల్లో అదే ప్రోటీన్ వింట్ సిగ్నల్‌కి తోడ్పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల కాలేయంలో దాదాపు ఉండదు కాబట్టి బయాప్సీలో గుర్తుగా వాడతారు.

మన వైపు మలేరియా ఎక్కువ కదా, దానికీ ఈ గొలుసులకూ లింకు ఉందా?

ఉంది. ఇది గ్రోత్ ఫ్యాక్టర్ పాఠం కాకపోయినా రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి కొండల వైపు నుంచి వచ్చే పిల్లలకు చెప్పకుండా ఉండలేను. దోమ కుట్టినప్పుడు చర్మంలో దిగిన స్పోరోజాయిట్ (మలేరియా పరాన్నజీవి మొదటి రూపం), దారిలో ఎన్ని కణాలు తగిలినా కాలేయం దాకా వెళ్లి ఆగుతుంది. దాని ఒంటి మీది సర్కమ్‌స్పోరోజాయిట్ ప్రోటీన్ కాలేయంలోని, సల్ఫేట్‌లు దట్టంగా ఉన్న హెపరాన్ సల్ఫేట్‌ని గుర్తుపడుతుంది. గర్భిణుల్లో ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి సోకిన ఎర్ర కణాలు మాయ (ప్లాసెంటా)లోని కాండ్రాయిటిన్ సల్ఫేట్‌కి అతుక్కుంటాయి. గ్రోత్ ఫ్యాక్టర్ చదివే నమూనానే పరాన్నజీవి కూడా చదువుతోంది.

## పరీక్షకు ముందు

ఐదు మార్కుల ప్రశ్నకు బొమ్మ ఎలా గీయాలి?

పొర, రెండు రిసెప్టర్లు, రెండు ఎఫ్‌జీఎఫ్‌లు గీసి, పక్కన సిండెకాన్ నిలబెట్టి, దాని గొలుసు ఎఫ్‌జీఎఫ్‌నీ రిసెప్టర్‌నీ రెంటినీ తాకేలా చూపండి. ఎన్, 2-ఓ, 6-ఓ సల్ఫేట్‌లు గుర్తు పెట్టండి. లోపల కైనేజ్ ఫాస్ఫరైలేషన్ చూపి ఆపేయండి. మిగతా కాస్కేడ్ మొత్తం గీయబోతే టైమ్ పోతుంది.

సిండెకాన్-1 జీన్ తీసేసినా ఎలుక బతికింది కదా. మరి ఇంత ముఖ్యమని ఎలా రాస్తాం?

ఒక కోర్ ప్రోటీన్ పోతే మిగతా కోర్ ప్రోటీన్లు గొలుసులు మోస్తూనే ఉంటాయి. గొలుసునే తీసేస్తే సంగతి తెలుస్తుంది. ఈఎక్స్‌టీ1 పూర్తిగా లేని ఎలుక పిండం గ్యాస్ట్రులేషన్ (పిండంలో మూల పొరలు ఏర్పడే దశ) దగ్గరే ఆగిపోతుంది. 2-ఓ సల్ఫేట్ పెట్టే ఎంజైము లేకపోతే మూత్రపిండాలు ఏర్పడవు, పిల్లలు పుట్టగానే చనిపోతాయి. సిండెకాన్-1 లేని ఎలుకలు మామూలుగా తిరుగుతున్నా, వింట్1 వల్ల రావాల్సిన రొమ్ము ట్యూమర్లు వాటిలో చాలా తగ్గాయి. సిండెకాన్-4 లేనివాటికి గాయాలు ఆలస్యంగా మానాయి. జవాబులో ఈ నాలుగు ఎలుకలనూ ఇదే వరుసలో రాయండి.